సినిమా పొలానికి తూము ఎక్కడ?

[గట్టు మీద. వెనక నాట్లు ఊడ్చి ఇరవై రోజులైన దాళ్వా (రబీ) వరి చేను.]

నమస్కారమండీ. ఒక సీనుంది, మీరు కనీసం పది సినిమాల్లో చూసుంటారు. హీరో సిటీలో లాప్‌టాప్ మూసేసి ఊరికొస్తాడు. పంచె ఎగ్గడతాడు. పాట మొదలవుతుంది. మొదటి చరణంలో డ్రమ్ములో పేడ కలుపుతాడు, రెండో చరణానికి చేను పచ్చబడుతుంది, పాట అయ్యేసరికి కంకులు వంగిపోతాయి. తాతగారు కండువాతో కళ్ళొత్తుకుంటారు. సేంద్రియ వ్యవసాయం సూపర్ హిట్.

పాటతో నాకు పేచీ లేదు. మన మార్టేరు స్వర్ణ వరి కోతకి రావాలంటే 145-150 రోజులు పడుతుంది. అదంతా కూర్చోబెట్టి చూపిస్తే టికెట్ కొన్నవాడు ఊరుకుంటాడా? నా పేచీ అంతా గట్టుతో. ఆ హీరో పొలానికి నాలుగు వైపులా చక్కటి గట్టుంటుంది. ఆ గట్టుకి తూము మాత్రం ఎక్కడా కనపడదు.

[కెమెరా కిందికి. గట్టులో జానెడు గండి, దానికి అడ్డంగా గడ్డి కలిపిన మట్టి పెళ్ళ.]

ఇదిగో, ఇదే మా తూము. పెద్ద ఇంజినీరింగేం లేదు, పారతో రెండు పెళ్ళలు తీస్తే తెరుచుకుంటుంది, వేస్తే మూసుకుంటుంది. పైమడి నీళ్ళు ఇందులోంచి మా మడిలోకి, మా మడి నీళ్ళు ఆ మూల తూములోంచి కింద మడిలోకి. ధవళేశ్వరంలో వదిలిన గోదారి పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె దాటి ఇక్కడికొచ్చాక ఇక దానికి వేరే దారి ఉండదు. మడి మీంచి మడికి పారాల్సిందే. మెట్టలో బోరున్న రైతుకి ఈ గొడవ లేదు, ఆయన నీళ్ళు ఆయనవి. ఇక్కడ మా చేలోకొచ్చే నీళ్ళు అప్పటికే ఎవరో ఒకరి చేలో కాసేపు నిలబడి వచ్చినవే.

ఇప్పుడు హీరోగారు జీవామృతం పోశారనుకోండి. పైమడి ఆయన నిన్న సాయంత్రం యూరియా చల్లి, పురుగుమందు గుళికలు వేశాడు. పొద్దున్నే తూము తీశాడు. హీరోగారి చేను ఇప్పుడు సేంద్రియమా, కాదా?

దీనికి ఏ సినిమాలోనూ జవాబు లేదు. ఎందుకంటే సినిమాలో పక్క పొలమే ఉండదు. ఉంటే అది విలన్‌ది.

మా బాబాయి ఒక ఎకరంలో ఈ పని మొదలెట్టాడు. జీవామృతం అంటే సినిమాలో చూపించే పేడ ఒక్కటే కాదు. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, చివర్లో గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు, పూటకోసారి కర్రతో తిప్పాలి. ఆ గట్టు మట్టి ఎందుకంటే, మందులు పడని చోట మట్టిలో సూక్ష్మజీవులు బతికుంటాయని. అంటే ఇది ఎరువు కాదండీ, తోడు. పాలకి పెరుగు తోడేసినట్టు నేలకి తోడెయ్యడం. అందుకే ఒకసారి పోసి ఫలితం ఏదని అడిగితే కుదరదు, అదనులో మళ్ళీ మళ్ళీ పోస్తూనే ఉండాలి.

మొదటి సార్వాలో (ఖరీఫ్‌లో) బాబాయి ఓపిగ్గా తోడు వేస్తున్నాడు, తూములోంచి పక్కాయన గుళికల నీళ్ళు వస్తున్నాయి. పాలల్లో ఒక చేత్తో పెరుగు, ఇంకో చేత్తో నిమ్మకాయ. పక్కాయన చెడ్డవాడేం కాదు, మాకు వరసకి మావయ్యే అవుతాడు. "నీ ఆవుని నువ్వు కట్టేసుకున్నావు బాగానే ఉంది, నా నీళ్ళని నేనెక్కడ కట్టెయ్యనురా అబ్బాయ్" అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు.

ఇప్పుడు బాబాయి ఏం చేస్తాడంటే, తూము దగ్గర, ఆ మందు నీళ్ళు ముందుగా పడే రెండు సెంట్లు విడిగా కోస్తాడు. విడిగా బస్తా కడతాడు. అది మామూలు ధాన్యంలో కలిపి మిల్లుకి పోతుంది, ఇంటికి రాదు. ఈ రెండు సెంట్ల మీద ఎవరైనా సినిమా తీస్తే మొదటి రోజు మొదటి ఆట నేను చూస్తాను.

ఇంకోటి కూడా చూడండి.

[చేను మధ్యలో సన్నటి ఖాళీ దారి.]

తలలో పాపిడి తీసినట్టుంది కదా? కాలిబాట అంటారు. రెండు మీటర్లకి ఒకటి చొప్పున, 20 సెంటీమీటర్ల వెడల్పున వదలాలి. గాలీ వెలుతురూ దుబ్బు మొదట్లోకి దిగితే అక్కడ చేరి రసం పీల్చే సుడిదోమ తగ్గుతుంది. డబ్బు ఖర్చు లేని మందు. సినిమా డ్రోన్ షాట్‌లో ఎప్పుడైనా ఇది కనపడిందా? పచ్చ తివాచీ పరిచినట్టు సందు లేకుండా ఉంటుంది చేను. అంత ఒత్తుగా ఉంటే దోమకి పండగే.

గోదారి గట్టున కుమారదేవంలో షూటింగులకి పేరుపడ్డ సినిమా చెట్టు 2024 ఆగస్టులో పడిపోతే మేమంతా సొంత మనిషి పోయినట్టు బాధపడ్డాం. ఆ నిద్రగన్నేరు కింద ఎన్ని పంచాయతీలు, ఎన్ని పెళ్ళిచూపులు తీశారో లెక్కలేదు. కెమెరాని అటు నుంచి కొంచెం తిప్పి పొలాల వైపు పెట్టినవాళ్ళు ఎంతమందో నాకైతే గుర్తు రావట్లేదు.

సరే, తూమున్న సినిమాలు, అంటే సాగులో అసలు కష్టం దాచనివి, అసలు లేవా? ఉన్నాయి. తమిళంలో 2022లో వచ్చిన ‘కడైసి వివసాయి’, అంటే చివరి రైతు. ఊళ్ళో అందరూ సాగు మానేశారు, కులదైవం జాతరకి కొత్త ధాన్యం కావాలి. మిగిలింది ఒక్క ముసలాయన. ఆయన నారు పోస్తాడు, ఈలోగా చేను పక్కన చచ్చిపడున్న నెమళ్ళని పూడ్చిపెట్టినందుకు కేసు పెట్టి జైల్లో వేస్తారు. అప్పుడు చేనుకి నీళ్ళెవరు పెట్టాలి? ఒక కానిస్టేబుల్! పంట అంటే రోజూ ఒక మనిషి వెళ్ళి నిలబడాలి అని, పాట లేకుండా చెప్పిన సినిమా అది. నేను మూడుసార్లు చూశాను.

రెండోది డాక్యుమెంటరీ, ‘ది బిగ్గెస్ట్ లిటిల్ ఫార్మ్’. కాలిఫోర్నియాలో భార్యాభర్తలు ఎండిపోయిన తోటని బాగుచేసుకుంటారు. ఎన్నాళ్ళు పట్టిందో చూపిస్తారు, దాదాపు ఎనిమిదేళ్ళు. నత్తలు చెట్లెక్కుతాయి, నత్తల్ని తినడానికి బాతుల్ని దించుతారు. నక్కలాంటి కొయోట్లు వచ్చి కోళ్ళని ఎత్తుకుపోతాయి. అంటే బయటి లోకం గట్టు దాటి వస్తూనే ఉంటుంది, అదీ వాళ్ళ తూము. కాకపోతే వాళ్ళకి పెట్టుబడి పెట్టినవాళ్ళు ఉన్నారు, అది మర్చిపోకూడదు.

మూడోది సిరీస్, ‘క్లార్క్‌సన్స్ ఫార్మ్’. ఇంగ్లండ్‌లో జెరెమీ క్లార్క్‌సన్ అనే టీవీ ఆయన సొంత పొలం సాగు చేస్తాడు. సేంద్రియం కాదు, ఏమీ కాదు, పైగా ఆయన నోటిదురుసు. కానీ మొదటి సీజన్ చివర్లో లెక్క కడతారు: ఏడాది కష్టానికి మిగిలింది 144 పౌండ్లు. మన హీరోలు ఒక్కసారైనా చివర్లో లెక్క చెప్పారా?

[గడియారం చూసి.] టైమైపోతోంది, రెండు ముక్కలు గబగబా చెప్పేస్తాను.

ఒకటి. హీరోకి తాతల నాటి పొలం ఉంటుంది. డెల్టాలో బురదలో దిగేది చాలాచోట్ల కౌలు రైతు. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆయన చేతిలో ఉండే కౌలు కాగితం 11 నెలలది. సేంద్రియ సర్టిఫికెట్ కావాలంటే వరిలాంటి పంటకి మామూలుగా రెండేళ్ళ మార్పిడి కాలం ఉంటుంది. 11 నెలల కాగితంతో 24 నెలల పని ఎలా మొదలెడతాడు? వచ్చే ఏడు ఇంకొకరికి పోయే నేలకి ఈయన తోడెందుకు వేస్తాడు? రైతుకి అవగాహన లేదని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళు ముందు ఈ లెక్క చూడాలి.

రెండు. సర్టిఫికెట్‌కి ఖర్చు ఎక్కువని భయపడేవాళ్ళకి పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) అని ఒక పద్ధతుంది. కనీసం అయిదుగురు రైతులు గ్రూపు కట్టి, ఒకరి చేను ఒకరు చూసుకుని ఖాయం చేసుకుంటారు. నా ఉద్దేశంలో ఆ అయిదుగురూ స్నేహితులు కాకపోయినా ఫర్వాలేదు, ఒకే బోదె మీద వరసగా ఉండాలి, అదీ పైమడి నుంచి మొదలవ్వాలి. అప్పుడు తూములోంచి వచ్చేది కూడా మన నీళ్ళే. బాబాయి ఈ మాట మీద మావయ్య చుట్టూ తిరుగుతున్నాడు. మావయ్య ఇంకా తేల్చలేదు, "చూద్దాంలేరా" అంటున్నాడు.

ఇంకా సార్వా కోతలప్పుడు తుపాను సంగతి చెప్పాలి, మిల్లు దగ్గర రేటు సంగతి చెప్పాలి, ప్రకృతి వ్యవసాయానికీ సేంద్రియానికీ తేడా... అది ఒక్క ముక్కలో: సేంద్రియంలో ఎరువు బయట నుంచి కొనొచ్చు, ప్రకృతిలో మీ దొడ్లోంచే రావాలంటారు. సినిమాలో రెండూ ఒకటే పాట.

[బయట నుంచి బాబాయి గొంతు: "ఒరేయ్, కబుర్లాపి పార పట్టుకురా! మావయ్య తూము తీశాడు!"]

వస్తున్నా బాబాయ్! ఉంటానండీ...

[కెమెరా గట్టు మీదే ఉండిపోయింది. మట్టి పెళ్ళ పక్క నుంచి సన్నగా నీళ్ళు.]