మైకు కూస్తే వెనక్కి జరగకండి

[దృశ్యం: ఖాళీ కల్యాణ మండపం. వేదిక మీద స్టాండుకు మైకు, రెండు పక్కలా ఒక్కో బాక్సు. మైకుకు మూరెడు దూరంలో నిలబడి మాట్లాడుతుండగా కూత వస్తుంది.]

ఈ కూత మీకు కొత్త కాదు. బడి వార్షికోత్సవంలో విన్నారు, నవమి పందిట్లో విన్నారు. ఆ తర్వాత జరిగేది కూడా మీకు తెలుసు. మాట్లాడుతున్నవారు ఉలిక్కిపడి అడుగు వెనక్కి వేస్తారు. పక్కనుంచి ఎవరో “మైకుకు కొంచెం దూరంగా ఉండండి” అంటారు. దాంతో మాట సన్నబడుతుంది. వెనక వరుసలవాళ్లు “సౌండు పెంచండి” అని అరుస్తారు. మైకుసెట్టు అబ్బాయి పెంచుతాడు. మళ్లీ కూత, ఈసారి ఇంకా గట్టిగా.

మా వీధి పందిట్లో హరికథ చెప్పడానికి వచ్చిన ఒక పెద్దావిడను కథ పొడుగునా ఇలాగే వెనక్కి వెనక్కి జరిపారు. డెబ్బై ఏళ్లు దాటిన గొంతు. పద్యం ఎత్తుకుంటే ముందు రెండు వరుసలకే అందింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషి సగం ఊరికి వినిపించకుండానే వెళ్లిపోయారు. అప్పటినుంచి ఆ “దూరంగా ఉండండి” అనే మాట వింటే నాకు మనసు ఆగదు. ఈ వీడియో ఆ ఒక్క అడుగు కోసమే.

[తెర మీద బొమ్మ: చెరువు, తూము, కాలువ, మోటారు, మడి]

మైకుసెట్టును ఒక కాలువలా చూడండి. మీ గొంతు చెరువు. మైకు తూము. అక్కడ వచ్చేది సన్నని ధార, వోల్టులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. మైకుల వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె, అంటే మిక్సర్, దాన్ని కాలువకు సరిపడేలా ఒక వోల్టు దరిదాపులకు తెస్తుంది. ఆంప్లిఫయర్ మోటారు. గోడలోని కరెంటును తీసుకుని ఆ ధారను పదుల వోల్టులకు ఎత్తిపోస్తుంది. బాక్సు ముందున్న జనమే మడి.

ఇప్పుడు మడిలో పారిన నీరు పొర్లి, మళ్లీ తూము దగ్గరికే వచ్చిందనుకోండి. మోటారుకు అది కొత్త నీరో పాత నీరో తెలియదు. మళ్లీ ఎత్తిపోస్తుంది. అది ఇంకా ఎక్కువగా పొర్లుతుంది, ఇంకా ఎక్కువగా తిరిగొస్తుంది. బాక్సులోంచి వచ్చిన శబ్దం మైకులోకి దూరి, పెద్దదై మళ్లీ బాక్సులోంచి వచ్చే ఆ చక్రమే కూత. గట్టు ఎక్కడ పల్లంగా ఉంటే నీరు అక్కడే ముందు పొర్లుతుంది కదా, అలాగే ఏ స్వరం దగ్గర ఈ చక్రం బలంగా ఉందో ఆ ఒక్క స్వరమే ముందు కూస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ దీన్ని పరిశీలించాడు కాబట్టి లార్సెన్ ఎఫెక్ట్ అని పేరు. అంటే కూతలో మైకు చెడిపోయింది ఏమీ లేదు. పాపం, ఎన్ని మంచి మైకులు ఆ నింద మోశాయో.

ఇక మన అడుగు సంగతి. తమ్ముడూ, మిక్సర్ మీద ఏదీ కదపకు.

[మైకుకు 10 సెంటీమీటర్ల దూరంలో మాట్లాడి, తర్వాత 40 సెంటీమీటర్ల దూరానికి జరిగి అదే వాక్యం చెప్పాలి]

తేడా విన్నారు కదా. దూరం రెట్టింపైన ప్రతిసారీ మైకుకు అందే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. డెసిబెల్ అంటే శబ్దానికి కొలత, 6 తగ్గితే శక్తిలో నాలుగో వంతే మిగిలినట్టు. 10 నుంచి 20, 20 నుంచి 40. మొత్తం 12 డెసిబెల్స్. జనానికి మళ్లీ మొదటిలాగే వినిపించాలంటే బాక్సులకు 16 రెట్లు శక్తి పంపాలి. 100 వాట్లతో జరిగే పనికి 1,600 వాట్లు! పైగా బాక్సు నుంచి మైకుకు ఉన్న దూరం మారలేదు, కాబట్టి పొర్లి వచ్చే నీరు కూడా 16 రెట్లు. చెరువును తూముకు దూరంగా జరిపి, ధార సన్నబడిందని మోటారును పెంచుతున్నాం. పొర్లక ఏమవుతుంది?

అందుకే, కూత వస్తే ముందుకు రండి. నోటికీ మైకుకీ మధ్య బెత్తెడు దూరం చాలు. మీరు దగ్గరికి వస్తే అబ్బాయి సౌండు తగ్గించగలడు. తగ్గిస్తే కూత పోతుంది, మాట నిలుస్తుంది.

మైకు జాలీని పిడికిలితో మూసి పట్టుకోకండి. పాటలు పాడే కుర్రవాళ్లకు ఇది బాగా అలవాటు. ఎక్కువ మైకులు ముందు నుంచి బాగా, వెనక నుంచి తక్కువగా వినేలా చేసి ఉంటాయి. జాలీని మూస్తే ఆ గుణం పోతుంది. తూముకు అన్ని వైపులా గండ్లు కొట్టినట్టే.

బాక్సులు ఎప్పుడూ మైకు కంటే ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. అందంగా ఉంటుందని వేదిక వెనక గోడకు ఆనించి పెడతారు, దయచేసి అలా వద్దు. అది మడిని తూముకు పైన పెట్టడం. వేదిక మీద నలుగురు కూర్చుంటే నాలుగు మైకులూ తెరిచి ఉంచకండి. తెరిచిన మైకులు రెట్టింపైతే, కూత రాకముందు మనకున్న అవకాశం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. మాట్లాడేవారి తూము ఒక్కటే తెరవండి.

మిక్సర్ మీద సౌండు సరిచేసే గెయిన్, ఫేడర్ రెండూ ఒకటే అనుకుంటారు. గెయిన్ తూము దగ్గరి షట్టర్. ఫేడర్ కాలువ మీది పలక. షట్టర్ మరీ ఎత్తితే కాలువ గట్టు తెగుతుంది, గొంతు బరబరలాడుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. గట్టు తెగాక కింద పలక ఎంత దించినా ఆ బరబర పోదు. కాబట్టి ముందు గెయిన్. దాన్ని సరిచూడటానికి మైకును కొట్టకండి, ఊదకండి. సభలో ఎంత గట్టిగా మాట్లాడతారో అంత గట్టిగా నాలుగు వాక్యాలు చెప్పండి.

గొంతు గంభీరంగా ఉండాలని బేస్ పెంచడం నాకు అసలు నచ్చదు. అచ్చులు ఎలాగూ మోగుతాయి. అర్థాన్ని మోసేవి హల్లులు, వాటి స్పష్టత చాలావరకు 2,000 నుంచి 4,000 హెర్ట్‌జ్ మధ్య, అంటే సెకనుకు అన్నిసార్లు కంపించే సన్నని స్వరాల్లో ఉంటుంది. బేస్ కింద హల్లు మునిగితే పాట, మాట, బాట అన్నీ ఆటే అయిపోతాయి. మిక్సర్ మీద 80 లేదా 100 హెర్ట్‌జ్ కంటే కింది స్వరాలను తగ్గించే లోకట్ మీట ఉంటే మాటకు తప్పకుండా నొక్కండి.

[హాల్లోకి కుర్చీలు వస్తున్న చప్పుడు]

ఆరింటికి ఇక్కడ నిశ్చితార్థం, హాలు అప్పగించాలి. మిగిలినవి త్వరగా చెబుతాను.

వైర్లు: మైకుకు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ వాడండి, దూరం లాగినా బుయ్ అనే రొద పట్టదు. బాక్సుకు లావు తీగల స్పీకర్ వైరు వాడాలి, మైకు కేబుల్ వద్దు.

ఓమ్స్: బాక్సు కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత ఇది. 8 ఓమ్స్ బాక్సులు రెండింటిని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే 4 ఓమ్స్ అవుతుంది. మీ ఆంప్లిఫయర్ 4 మోయగలదో లేదో వెనక రాసి ఉంటుంది. ఊరంతా కట్టే గొట్టాలకు 100 వోల్టుల లైను వేరు, దానికి ఒక్కో గొట్టానికీ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ఆ గొట్టాల వాట్లు కూడితే ఆంప్లిఫయర్ వాట్లను దాటకూడదు.

దూరపు బాక్సులు: ధ్వనికి 34 మీటర్లు వెళ్లడానికి సెకనులో పదో వంతు పడుతుంది. అందుకే పందిరి చివర పెట్టిన బాక్సు ముందు మోగి, వేదిక మీది మాట తర్వాత చేరి, రెండుసార్లు వినిపిస్తుంది. మిక్సర్‌లో డిలే ఉంటే ఆ బాక్సుకు అంత ఆలస్యం పెట్టండి.

ఎర్త్: మైకు పట్టుకోగానే చేయి జిల్లుమంటే కార్యక్రమం ఆపండి. రుమాలు చుట్టి పట్టుకోమనడం పరిష్కారం కాదు. వాన తడిసిన నేల మీద అది ప్రాణం తీస్తుంది. మెయిన్ ఆపి, ఎర్త్ సరిచేయించాకే మళ్లీ మొదలు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. కథ చెప్పేవారిని ఆ వేళకు ముగిసేలా ముందే కూర్చోబెట్టండి.

వేసేటప్పుడు మిక్సర్ ముందు, ఆంప్లిఫయర్ చివర. ఆర్పేటప్పుడు ఆంప్లిఫయర్ ముందు. తమ్ముడూ, ఆంప్లిఫయర్ ఆపు.

[స్విచ్చు చప్పుడు]

ఇప్పుడు మిక్సర్.