బొమ్మలున్న పటం, బొమ్మల్లేని పటం

అందరికీ నమస్కారం.

పదహారో శతాబ్దంలో దీవుల పటాలకు వెనిస్ పెద్ద బజారు. ఒక్కో దీవికి ఒక్కో పటం, పక్కన దాని కథ... ఇలా ఏకంగా పుస్తకాలే వేసేవారు. మొదలుపెట్టింది ఫ్లారెన్స్‌కు చెందిన బువొందెల్మోంటి అనే క్రైస్తవ మతాచార్యుడు. గ్రీకు దీవులు తిరిగొచ్చి 1420 ప్రాంతంలో చేతిరాత పుస్తకం తయారుచేశాడు. 1485 ప్రాంతంలో బార్తొలొమెయో అనే నావికుడు దీవుల వర్ణనంతా పద్యాల్లో రాసి అచ్చు వేయించాడు. (భూగోళం పద్యాల్లో చెప్పడం మనకేమీ వింత కాదు లెండి.) 1528లో బొర్దోనే వేసిన పుస్తకంలో మెక్సికోలో సరస్సు మధ్యన ఉన్న అజ్టెక్‌ల రాజధాని కూడా ఒక దీవిగా కనిపిస్తుంది. అప్పటికి స్పెయిన్ సైన్యం ఆ నగరాన్ని నేలమట్టం చేసి ఏడేళ్లయింది.

ఇవి ఓడ నడపడానికి కొన్న పటాలు కావు. ఇంట్లో కూర్చుని లోకం చూడాలనుకునేవాళ్లు కొన్నారు. 1571లో వెనిస్ ఏలుబడిలోని సైప్రస్ దీవి తురుష్కుల చేతికి పోయింది. మరుసటి ఏడాదే వెనిస్‌లో పొర్కాకీ దీవుల పుస్తకం వచ్చింది. వార్త వేడి మీదున్నప్పుడు పటం అమ్ముకోవడం వాళ్లకు బాగా తెలుసు.

ఆ పుస్తకానికి పటాలు చెక్కింది జిరోలమో పొర్రో. రాగి రేకు మీద ఉక్కు మొనతో ప్రతి గీతా, ప్రతి అక్షరమూ అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. సముద్రమంతా సన్నటి చుక్కలు. పాత చెక్క అచ్చయితే అక్షరాలతో పాటే ప్రెస్సులో అచ్చయ్యేది. రాగి రేకులో సిరా గాడిలో ఉంటుంది. దాన్ని కాగితం మీదికి లాగాలంటే రోలర్లున్న వేరే ప్రెస్సు కావాలి. అంటే ఒకే కాగితం రెండుసార్లు అచ్చెక్కాలి. ఖర్చు ఎక్కువే. అందుకే ఒకసారి చెక్కిన రేకును ఏళ్ల తరబడి వాడుకునేవారు. దాని అందంతో పాటు దాని తప్పులూ అన్నాళ్లు బతికేవి.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. ఆ కాలపు పటంలో రాక్షస చేపలు కనబడితే, తెలియని చోట బొమ్మ గీసి కప్పేశారని అనేస్తాం. నేను ఒప్పుకోను. అట్లాస్‌లు వేసిన ఓర్టెలియస్ ప్రచురించిన ఐస్‌లాండ్ పటం చూడండి. రేకు మీదున్న ఏడాది 1585. హెక్లా అగ్నిపర్వతం మంటలు కక్కుతోంది. మంచు పలకల మీద తెల్ల ఎలుగుబంట్లు, ఒడ్డుకు కొట్టుకొస్తున్న దుంగలు, సముద్రం నిండా వింత జంతువులు. ఒక్కో జంతువుకు ఒక్కో అక్షరం వేసి, అదేమిటో వెనక పేజీలో వివరించారు. జంతువుల్లో కొన్ని కల్పనే, కాదనను. కానీ హెక్లా నిజం. మంచుతో పాటు ఎలుగుబంట్లు కొట్టుకురావడం నిజం. చెట్లు కరువైన ఆ దేశానికి దుంగలు సముద్రం మీద రావడమూ నిజం. ఊళ్లు, ఫ్యోర్డుల (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల) వివరాలు ఎంత దట్టంగా ఉన్నాయంటే, అవి అక్కడి బిషప్ గుద్‌బ్రాందుర్ నుంచి వచ్చాయని పండితులు భావిస్తారు.

ఇప్పుడు రెండోది. 1558లో వెనిస్‌లో నికోలో జేనో అచ్చు వేయించిన పటం. పద్నాలుగో శతాబ్దంలో మా పూర్వీకులు ఉత్తర సముద్రాలు తిరిగారు, ఇది వాళ్ల పటమే అన్నాడు. రాక్షసుల్లేవు. అక్షాంశ రేఖాంశాల గళ్లు, ఊళ్ల పేర్లు. చూస్తే లెక్కలు తెలిసినవాడు గీసినట్టే ఉంటుంది. ఐస్‌లాండ్‌కు దక్షిణాన ఫ్రిస్లాండ్ అనే పెద్ద దీవి. అలాంటి దీవి అక్కడ లేనే లేదు.

ఆ కాలపు పేరున్న పటకర్త మెర్కేటర్ 1569లో ఆ దీవిని తన ప్రపంచ పటంలోకి ఎక్కించాడు, మరుసటి ఏడాది ఓర్టెలియస్ కూడా. 1595 నాటి మెర్కేటర్ అట్లాస్‌లోనైతే ఉత్తర ధ్రువం పటం మూలన ఫ్రిస్లాండ్‌కు ప్రత్యేకంగా ఒక గుండ్రటి గడి కేటాయించారు. ఈలోగా 1578లో ఇంగ్లండ్ నావికుడు మార్టిన్ ఫ్రోబిషర్ గ్రీన్‌లాండ్ ఒడ్డున దిగి, ఇదే ఫ్రిస్లాండ్ అనుకుని, దానికి ‘వెస్ట్ ఇంగ్లండ్’ అని పేరు పెట్టి, తమ రాణి పేరిట స్వాధీనం చేసుకున్నాడు.