రెండు రెసిడ్యూలు తాకుతున్నాయని ఎప్పుడు అంటాం?

అందరికీ నమస్కారం. ఈ హాల్లో బయోకెమిస్ట్రీ వాళ్లూ ఉన్నారు, కంప్యూటర్ సైన్స్ వాళ్లూ ఉన్నారు. అందుకని ఇద్దరికీ పనికొచ్చే ఒకే ఒక్క ప్రోటీన్ తీసుకుని, ఈ గంటా దాన్నే చూద్దాం. అది సికిల్ సెల్ హిమోగ్లోబిన్. ఆదిలాబాద్ గోండు గూడేల నుంచి, అల్లూరి జిల్లా ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లకు ఈ జబ్బేమిటో నేను చెప్పక్కర్లేదు. ఎముకల్లో వచ్చే ఆ నొప్పిని ఇంట్లోనే చూసినవాళ్లు మీలో ఉండొచ్చు. 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ఒక మిషన్ మొదలుపెట్టింది. ఆ పని ఊళ్లలో, రక్తపరీక్షల దగ్గర జరుగుతుంది. కానీ ఆ నొప్పి ఎక్కడ మొదలవుతోందని అణువుల్లోకి దిగి వెతికితే, చివరికి ఒక చిన్న కాంటాక్ట్ దగ్గర, అంటే రెండు భాగాలు ఒకదాన్నొకటి తాకే చోట, ఆగుతాం.

హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులుంటాయి. రెండు ఆల్ఫా, ఒక్కోదానిలో 141 అమైనో ఆమ్ల రెసిడ్యూలు, అంటే గొలుసులో పూసల్లా చేరిన అమైనో ఆమ్లాలు. రెండు బీటా, ఒక్కోదానిలో 146. బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ వస్తే అది సికిల్ హిమోగ్లోబిన్. రోగుల హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో వేరేగా కదులుతోందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించింది. ఆ తేడా అంతా ఒక్క అమైనో ఆమ్లంలోనే ఉందని 1950లలో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రమ్ తేల్చాడు.

ఇప్పుడు మీ చేతికి నిర్మాణాల ఫైళ్లు ఇచ్చి, ఈ మార్పు ఏం పాడుచేసిందో కనుక్కోమన్నాననుకోండి. చాలామంది చేసే మొదటి పని నాకు తెలుసు. మామూలు బీటా గొలుసుకు ఒక కాంటాక్ట్ మ్యాప్ (ఏ రెసిడ్యూకు ఏది దగ్గరగా ఉందో చూపే గళ్ల పటం), సికిల్ బీటా గొలుసుకు ఇంకొకటి గీస్తారు. ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేస్తారు. మిగిలేది దాదాపు ఖాళీ కాగితం. ఆరో స్థానం ప్రోటీన్ ఉపరితలం మీద, నీళ్లవైపు తిరిగి ఉంటుంది. అక్కడ ఏది మారినా గొలుసు మడతకు పెద్దగా ఏమీ కాదు. ఆ ఖాళీ కాగితం చూసి ఈ మార్పు వల్ల ప్రమాదం లేదని రిపోర్టు రాస్తే ఎంత ఘోరమో ఆలోచించండి.

కాబట్టి లెక్కకు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. దేన్ని తాకడం అంటున్నాం? ఎవరు ఎవరిని తాకుతున్నారని అడుగుతున్నాం?

నూట నలభై ఆరు రెసిడ్యూల గొలుసులో 10,585 జతలు ఉంటాయి. వీటిలో ఏవి దగ్గరగా ఉన్నాయో తేల్చడానికి ఎక్కువమంది వాడే పద్ధతి ఆల్ఫా కార్బన్ల, అంటే ప్రతి రెసిడ్యూ నడిమి కార్బన్ల, మధ్య దూరం. అది 8 అంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే కాంటాక్ట్ అంటారు. అంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు. ఈ పద్ధతి తేలిక, వేగం. మడత మొత్తంగా ఎలా ఉందో చూడ్డానికి చాలా మంచిది. ఆల్ఫా హెలిక్స్ (గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న భాగం) అయితే మ్యాప్ కర్ణం పక్కన మందపాటి పట్టీలా కనిపిస్తుంది. ఎదురెదురు దిశల్లో నడిచే బీటా పోగులు (చాచినట్టుండే గొలుసు ముక్కలు) కర్ణానికి అడ్డంగా గీత గీస్తాయి. గొలుసులో పక్కపక్కనే ఉన్న రెసిడ్యూల ఆల్ఫా కార్బన్లు ఎలాగూ 3.8 అంగ్‌స్ట్రామ్‌ల దూరంలోనే ఉంటాయి కాబట్టి, ఆ దగ్గరి జతలను ముందే తీసేయాలి.

కానీ ఆల్ఫా కార్బన్ గొలుసు వెన్నెముక మీద ఉంటుంది, రసాయన పని ఎక్కువగా అక్కణ్నుంచి పక్కకు పొడుచుకొచ్చే పక్క గొలుసు చేస్తుంది. ఒకే గోడకు అటొకటి ఇటొకటి కట్టి, వాకిళ్లు చెరో వీధిలోకి పెట్టుకున్న ఇళ్ల లాంటి రెసిడ్యూలు ప్రోటీన్‌లో బోలెడు. ఆల్ఫా కార్బన్లు దగ్గరే, పక్క గొలుసులు మాత్రం ఒకదాన్నొకటి చూడవు. ఇందుకు తిరగబడ్డ సందర్భమూ ఉంది. ఆర్జినిన్ పక్క గొలుసు పొడుగ్గా సాగి దూరంగా ఉన్న గ్లుటామిక్ ఆమ్లంతో సాల్ట్ బ్రిడ్జ్, అంటే ధన, రుణ ఆవేశాల మధ్య బంధం, కట్టొచ్చు. ఆల్ఫా కార్బన్ల మధ్య దూరం 10 అంగ్‌స్ట్రామ్‌లు దాటినా సరే. 8 దగ్గర గీత గీస్తే ఆ బంధం మీకు కనపడదు. అందుకే బంధాల సంగతి కావాలంటే హైడ్రోజన్ కాని పరమాణువులన్నిటినీ తీసుకుని, 4.5 లేదా 5 అంగ్‌స్ట్రామ్‌ల లోపు ఏ రెండైనా ఉన్నాయా అని చూడాలి. సాల్ట్ బ్రిడ్జ్‌కు ఆవేశమున్న నైట్రోజన్, ఆక్సిజన్‌ల మధ్య 4 అంగ్‌స్ట్రామ్‌ల హద్దు ఎక్కువగా వాడతారు.

ఈ హద్దుల విషయంలో మనకు దగ్గర్లోనే గొప్ప పాఠం ఉంది. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో తిరగగలదో చూపే తమ ప్రసిద్ధ పటాన్ని గీసినప్పుడు పరమాణువులు ఎంత దగ్గరికి రాగలవన్న ప్రశ్నతోనే మొదలుపెట్టారు. ఒకే హద్దుతో సరిపెట్టుకోలేదు. రెండు కార్బన్ల మధ్య మామూలుగా 3.2 అంగ్‌స్ట్రామ్‌లు, చివరి హద్దుగా 3.0 అని రెండు పెట్టుకుని, రెండు ప్రాంతాలనూ విడివిడిగా చూపించారు. కంప్యూటర్లు చేతికందని రోజుల్లో అంత జాగ్రత్త తీసుకున్నారు. ఒక్క క్లిక్‌తో లెక్క వచ్చే మనం రెండు హద్దులతో చూడ్డానికి బద్ధకిస్తే ఎలా?

సరే, మళ్లీ ఆరో స్థానానికి వద్దాం. అక్కడి వాలిన్ తన గొలుసులో చెప్పుకోదగ్గ కొత్త కాంటాక్ట్ ఏదీ పెట్టుకోదు. అది తాకేది పక్కనున్న ఇంకో హిమోగ్లోబిన్ అణువుని. ఆ అణువు బీటా గొలుసులో 85వ ఫినైల్ అలనిన్, 88వ ల్యూసిన్ కలిసి నీళ్లు గిట్టని చిన్న గుంటను తయారుచేస్తాయి. మామూలుగా ఉండే గ్లుటామిక్ ఆమ్లానికి రుణావేశం ఉంది, అది ఆ గుంటలో ఇమడదు. వాలిన్ చక్కగా ఇముడుతుంది. అదీ ఆక్సిజన్ వదిలేసిన రూపంలోనే. ఆక్సిజన్ పట్టుకుంటే నాలుగు గొలుసుల అమరిక మారిపోయి ఆ కుదురు చెదిరిపోతుంది. ఇలా అణువులు ఒకదానికొకటి తగులుకుంటూ పొడవాటి పోగులుగా పెరిగి, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగుతుంది. పోగులు పుట్టడానికి పట్టే సమయం కణంలో హిమోగ్లోబిన్ ఎంత చిక్కగా ఉందన్నదాని మీద విపరీతంగా ఆధారపడుతుంది. ఒంట్లో నీరు తగ్గనివ్వొద్దని డాక్టర్లు అన్నిసార్లు చెప్పడానికి ఇదొక కారణం.

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన భాగం 87వ స్థానం. సికిల్ జన్యువులు రెండూ ఉన్న పిల్లలకు పుట్టిన కొత్తలో కొన్ని నెలల పాటు సాధారణంగా ఏ లక్షణాలూ కనిపించవు. అప్పుడు వాళ్ల రక్తంలో గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువ, అందులో బీటా బదులు గామా గొలుసు ఉంటుంది. బీటాలో 87వ స్థానంలో థ్రియోనిన్ ఉంటే, గామాలో అంతకన్నా పొడవైన గ్లుటమిన్ ఉంది. సరిగ్గా ఆ 85, 88ల మధ్య. ఆ ఒక్క మార్పుతో పక్క అణువు అక్కడ సరిగ్గా అతుక్కోలేదు. గామా గొలుసు ఉన్న అణువు పోగులో చేరకపోవడానికి ఇదే ముఖ్య కారణం. హైడ్రాక్సీయూరియా మందు గర్భస్థ హిమోగ్లోబిన్‌ను పెంచి మేలు చేస్తుంది. జబ్బు తెచ్చిన కాంటాక్టూ, దాన్ని ఆపే కాంటాక్టూ ఒకే గుంట దగ్గరున్నాయి. ఇది మ్యాప్‌లో కనిపించాలంటే ముందు మీరు అణువు దాటి బయటికి చూడాలి.

అలా బయటికి చూడబోయేటప్పుడు ఫైళ్ల దగ్గరే చాలామంది తడబడతారు. ప్రోటీన్ నిర్మాణాలను భద్రపరిచే పీడీబీలో ఆక్సిజన్ లేని మామూలు హిమోగ్లోబిన్ ఫైలు 2హెచ్‌హెచ్‌బీలో నాలుగు గొలుసులూ ఉంటాయి. ఆక్సిజన్ ఉన్న 1హెచ్‌హెచ్‌ఓలో మాత్రం ఒక ఆల్ఫా, ఒక బీటా అంతే. మిగతా సగాన్ని స్ఫటిక సౌష్ఠవంతో, అంటే స్ఫటికంలో అణువులు ఒకే క్రమంలో మళ్లీ మళ్లీ వచ్చే పద్ధతితో, మనమే కట్టుకోవాలి. కట్టకుండా పోల్చేస్తే ఆక్సిజన్ తగలగానే అణువు సగం కాంటాక్టులు తెగిపోయాయనిపిస్తుంది. నిజంగా తెగేవి కొన్నే. ఉదాహరణకు, బీటా గొలుసు చివర 146వ హిస్టిడిన్‌కూ 94వ ఆస్పార్టిక్ ఆమ్లానికీ మధ్య ఉన్న సాల్ట్ బ్రిడ్జ్. స్థానాల లెక్కలోనూ జాగ్రత్త కావాలి. జన్యు నివేదికల్లో, గొలుసు తయారయ్యేటప్పుడు తెగిపోయే మొదటి అమైనో ఆమ్లం మెథియోనిన్‌ను కూడా లెక్కేస్తారు కాబట్టి, మన ఆరో స్థానం అక్కడ ఏడు అవుతుంది.

కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఆల్ఫాఫోల్డ్ గురించి, అంటే అమైనో ఆమ్లాల వరుస నుంచి ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ప్రోగ్రామ్ గురించి, అడుగుతారని తెలుసు. జాతుల పరిణామంలో కలిసికట్టుగా మారే స్థానాలు తాకుతూ ఉండొచ్చన్న ఆలోచన నుంచే ఆ దారి పడింది. 2024 రసాయన శాస్త్ర నోబెల్ డేవిడ్ బేకర్, డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు దక్కింది, అందుకు పూర్తిగా అర్హులు. అయితే ఒక్క బీటా గొలుసు క్రమం ఇచ్చి ఆకారం అడిగితే, వాలిన్ ఉన్నా గ్లుటామిక్ ఆమ్లం ఉన్నా దాదాపు ఒకే మడత వస్తుంది. సికిల్ జబ్బు ఆ మడతలో లేదు.

మధ్యాహ్నం ల్యాబ్‌లో అందరూ 2హెచ్‌బీఎస్ తెరవండి. ఆక్సిజన్ లేని సికిల్ హిమోగ్లోబిన్ అది, 2.05 అంగ్‌స్ట్రామ్‌ల రెజల్యూషన్, రెండు పూర్తి అణువులు, ఎనిమిది గొలుసులు. స్ఫటికంలోని పక్క ప్రతులను కూడా కట్టుకోండి. బీటా గొలుసులు నాలుగింటిలోనూ ఆరో వాలిన్‌కు పొరుగువాళ్లెవరో 4, 4.5, 5 అంగ్‌స్ట్రామ్‌ల దగ్గర విడివిడిగా రాయండి. ఒక్కో అణువులో రెండు వాలిన్లున్నా ఇలా గుంటలో కూర్చునేది ఒక్కటే. అది ఏ గొలుసుదో నేను చెప్పను, మీ జాబితాలతో రండి, రెండోది ఎందుకు ఖాళీగా ఉండిపోయిందో అక్కడే మాట్లాడుకుందాం.