ఎపిసోడ్ 61: మైనం చప్పుడు

రఘు: నమస్కారం. అరవై ఒకటో ఎపిసోడ్. పోయినసారి చెప్పాల్సిన క్షమాపణ ఒకటి మిగిలిపోయింది. ఈసారి కూడా చెప్పం.

వసంత: బకెట్టు ఎవరిదో తేలాక చెబుదాం.

రఘు: బకెట్టు ఊసు ఎత్తకు. ఈరోజు విషయం ఒక రేడియో కామెడీ. ఆస్పత్రి పాథాలజీ విభాగంలో, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కలను పరీక్షించి రోగం తేల్చే చోట, జరుగుతుంది. బీబీసీ రేడియో 4లో 2003 నుంచి 2006 దాకా వచ్చింది. పేరు ‘రిగర్ మార్టిస్’, చనిపోయాక ఒళ్లు బిగుసుకుపోవడం అన్నమాట. పీటర్ డేవిసన్, జెఫ్రీ వైట్‌హెడ్ అందులో నటించారు. ఒక్కో భాగం అరగంట. ఇక...

వసంత: ఆ పేరు దగ్గర కాస్త ఆగు.

రఘు: నేనింకా మొదలే పెట్టలేదు.

వసంత: పాథాలజీ అనగానే అందరికీ శవమే గుర్తొస్తుంది. పేరు పెట్టడంతోనే ఆ తలుపు తెరిచారు. మా పాథాలజీ ల్యాబులో బల్ల మీదికి వచ్చే సీసాల్లో ఏముంటుందో తెలుసా? పుట్టుమచ్చ. పిత్తాశయం. సూదికి వచ్చినంత రొమ్ము కణజాలం. రిపోర్టు కోసం ఎదురుచూసే మనిషి బతికే ఉన్నాడు రఘూ.

రఘు: వచ్చేసింది, ‘బతికే ఉన్నాడు’. రికార్డింగు తమ్ముడూ, ఈ మాట ఎన్నిసార్లు అంటుందో రాసుకో. ఒకటి.

వసంత: రాసుకోనీ. ఇంకోటి కూడా చెప్తాను. రిగర్ మార్టిస్ అంటే శాశ్వతంగా బిగుసుకుపోవడం అనుకుంటారు. కాదు. చనిపోయిన కొన్ని గంటలకు కనురెప్పల్లో, దవడలో మొదలవుతుంది. దాదాపు పన్నెండు గంటలకు ఒళ్లంతా పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో వదిలేస్తుంది. వేడిగా ఉంటే ఇంకా తొందరగా.

రఘు: వదిలేస్తుందా?

వసంత: వదిలేస్తుంది. కండరం బిగియడానికే శక్తి కావాలనుకుంటాం. పట్టు విడవడానికీ కావాలి. ఆ శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం అయిపోయాక ఆ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని అలాగే ఉండిపోతాయి. తర్వాత కణజాలమే కరగడం మొదలుపెడితే అప్పుడు సడలుతుంది.

రఘు: పట్టు విడవడానికి కూడా ఓపిక కావాలన్నమాట. ఇది మా నాటక విభాగం పాత అధికారికి చెప్పాల్సింది.

వసంత: ఆయన పేరు మాత్రం చెప్పకు.

రఘు: చెప్పను. సరే, విషయానికి వస్తాను. రేడియోకి ఇంత అనువైన చోటు ఇంకోటి లేదని నా వాదన. టీవీలో అయితే బల్ల మీద ఉన్నదాన్ని చూపించాలి, లేదా దాచాలి. చూపిస్తే చూసేవాడు ఛానల్ మారుస్తాడు. దాస్తే, దాచారని తెలిసిపోతుంది. రేడియోలో ఒకాయన ‘ఆ గిన్నె ఇలా ఇవ్వండి’ అంటే చాలు. గిన్నెలో ఏముందో వినేవాడే వేసుకుంటాడు. పైగా ఎముక విరగాలంటే ఒక సెలరీ కాడ చాలు, ఆ కరకరలాడే కూరాకు.

వసంత: మళ్లీ సెలరీ.

రఘు: రేడియో నాటకాల్లో ఎముక విరిగిన చప్పుడంటే సెలరీ కాడే. మైకు దగ్గర పట్టుకుని పుటుక్కుమనిపిస్తే వినేవాడి వెన్ను జలదరిస్తుంది. మంచులో నడకకు మొక్కజొన్న పిండి సంచి. గుర్రానికి కొబ్బరి చిప్పలు. ఇవన్నీ...

వసంత: పాథాలజీలో ఎముక విరగదు! నేను ఇరవై ఏళ్లు పనిచేశాను. ఒక్కసారి కూడా ఎవరి ఎముకా పుటుక్కుమనలేదు. ఎముక ముక్క వస్తే దాన్ని రోజుల తరబడి ఆమ్లంలో నానబెట్టి, సున్నం తీసి, మెత్తబడ్డాక కోస్తాం. మెత్తబడ్డాక! నీ సెలరీని కూడా అలా నానబెడితే తెలుస్తుంది.

రఘు: అయితే పాథాలజీ చప్పుడు ఏది? చెప్పు. నాకు ఒక్క చప్పుడు ఇవ్వు.

వసంత: చప్పుడు ఉండదు. అదే చెప్తున్నాను. గాలి లాగే ఫ్యాను హోరు ఉంటుంది, కాసేపటికి అదీ వినిపించడం మానేస్తుంది. పలుచని పొరలు కోసే మైక్రోటోమ్ యంత్రం దగ్గర కూర్చున్న మనిషి ఊపిరి కూడా ఆచితూచి వదులుతాడు. కణజాలం పొదిగిన మైనం దిమ్మను మంచు మీద పెట్టి చల్లబరుస్తాం. తెచ్చి బిగించి పిడి తిప్పితే ఒక్కో పొర మూడు నాలుగు మైక్రాన్ల మందంలో తెగుతుంది. వెంట్రుక మందంలో పదిహేనో వంతు అనుకో. ఒక పొర అంచుకు ఇంకో పొర అతుక్కుంటూ రిబ్బనులా వస్తుంది. దాన్ని కుంచెతో ఒక కొస, చిమటాతో ఇంకో కొస పట్టి గోరువెచ్చని నీళ్ల మీద పరుస్తాం. ముడతలు వాటంతట అవే విప్పుకుంటాయి. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మారంటే...

రఘు: పోయింది.

వసంత: ఎగిరి ముఖానికి అతుక్కుంటుంది. ముక్క చిన్నదైతే మళ్లీ కోయడానికి మిగలదు కూడా. రెండోసారి సూది గుచ్చాలంటే, బతికున్న మనిషికి గుచ్చాలి.

రఘు: రెండు. తమ్ముడూ, రెండు.

వసంత: ఆ నిశ్శబ్దాన్ని రేడియోలో పెట్టాలి. అక్కడే నవ్వు పుడుతుంది.

రఘు: నిశ్శబ్దం పెడితే రేడియో చెడిపోయిందనుకుంటారు. అందులోనూ రేడియో 4లో! బ్రిటన్ అణు జలాంతర్గామి కమాండరుకు దేశం ఇంకా ఉందా లేదా అని తేల్చుకోవడానికి ఉన్న పరీక్షల్లో రేడియో 4 వినిపిస్తోందా అన్నది ఒకటని చరిత్రకారుడు పీటర్ హెన్నెసీ రాశాడు. నీ మైనం రిబ్బను కోసం అర నిమిషం మౌనం పాటించామనుకో, సముద్రం అడుగున ఎవడో అణు క్షిపణుల తాళం చెవి వెతుక్కుంటాడు.

వసంత: [నవ్వు] అర నిమిషానికి వెతుక్కోడులే.

రఘు: నాకు మాటలు కావాలి వసంతా. రేడియో అంటే మాటలు. మీ దగ్గర మాటలు ఎక్కడున్నాయి? అందరూ సూక్ష్మదర్శినిలో తలదూర్చి కూర్చుంటారు.

వసంత: మాటలు లేవా? రఘూ, మా పాథాలజిస్టులు పొద్దున్నుంచి మైకులో మాట్లాడుతూనే ఉంటారు.

రఘు: ఏ మైకు?

వసంత: కోసే బల్ల పైన వేలాడుతూ ఉంటుంది. చేతులకు తొడుగులు, ఆ చేతులకు అంటినవి నీకు చెప్పను, కాబట్టి కలం పట్టుకోలేరు. కాలికింద పెడల్ నొక్కి చెప్తూ పోతారు. ‘చర్మం ముక్క, పద్నాలుగు మిల్లీమీటర్లు, మధ్యలో గోధుమరంగు మచ్చ, అంచు సమంగా లేదు, దగ్గరి అంచుకు రెండు మిల్లీమీటర్ల దూరం.’ ఎక్కడో కూర్చున్న టైపిస్టు అది విని కొడుతుంది. ఆమె ఆ ముక్కను జన్మలో చూడదు. రిపోర్టు చదివే సర్జన్‌కు కూడా ఆ వాక్యాలే దిక్కు, ఎందుకంటే అప్పటికి ముక్కను కోసేశారు. చూడనివాడికి కనిపించేలా చెప్పాలి. అది రేడియో కాదా?

రఘు: ...

వసంత: రేడియోలో నిశ్శబ్దం పనికిరాదన్నావు.

రఘు: ఆలోచిస్తున్నాను. ఇది నువ్వు అరవై ఎపిసోడ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

వసంత: నువ్వు ఎప్పుడూ సెలరీ గురించే అడిగావు. ఇంకా విను. అలా చెప్పడానికి వాళ్లు వెతుక్కున్న పోలికలన్నీ తిండివే. గుండె సరిగా పనిచేయక రక్తం నిలిచిపోయిన కాలేయాన్ని కోస్తే జాజికాయను కోసినట్టు మచ్చలుంటాయి, దాన్ని జాజికాయ కాలేయం అంటారు. అమిలాయిడ్ అనే ప్రోటీను పేరుకున్న ప్లీహం ఒక రకంలో సగ్గుబియ్యం ప్లీహం. అండాశయంలో పాత రక్తం గడ్డ కడితే చాక్లెట్ సిస్ట్. గుండె పైపొర వాచి అంటుకుంటే బ్రెడ్డూ వెన్నా. రెండు ముక్కల మధ్య వెన్న రాసి విడదీస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

రఘు: ఆపు.

వసంత: పిత్తాశయం లోపలి పొర మీద కొలెస్ట్రాల్ చుక్కలు పడితే స్ట్రాబెర్రీ. క్షయలో చచ్చిన కణజాలం జున్ను.

రఘు: ఇప్పుడే తిని వచ్చాను. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవేనా, నువ్వు నన్ను ఏడిపించడానికి చెప్తున్నావా?

వసంత: పరీక్షలో రాయకపోతే మార్కులు పోతాయి. ఆకలితో ఉన్నవాళ్లే పేర్లు పెట్టారని మా గురువుగారు అనేవారు.

రఘు: మరి టైపిస్టు? ఆమెకు ఏం వినిపించేది? నాకు ఆమే కథానాయిక.

వసంత: అన్నీ వినిపించేవి. ఒకసారి రిపోర్టు ఇలా వచ్చింది. ‘కాలేయం ముక్క, ఒకటి పాయింటు రెండు సెంటీమీటర్లు, పసుపు రంగు, ఆ కుర్చీ అక్కడ పెట్టకండి, అంచులు మెత్తగా ఉన్నాయి.’

రఘు: [నవ్వు] పెడల్ మీద నుంచి కాలు తీయలేదు!

వసంత: తీయలేదు. సంతకం కోసం వచ్చినప్పుడు చూసి దిద్దాం. నాలుగు రోజులు అందరం కుర్చీ జరిపినప్పుడల్లా అంచులు మెత్తగా ఉన్నాయా అని అడిగేవాళ్లం.

రఘు: ఇదీ కామెడీ అంటే. ఎముకలూ వద్దు, ఏమీ వద్దు.

వసంత: రాసుకో తమ్ముడూ. సెలరీ వద్దన్నాడు.

రఘు: సెలరీ వద్దనలేదు. ఎముకలు వద్దన్నాను. సెలరీకి వేరే ఉపయోగాలున్నాయి. సరే, ఆ ధారావాహిక గురించి రెండు మాటలు. హాస్యానికి గడియారం కావాలి కదా, పాథాలజీలో...

వసంత: ఫ్రోజెన్ సెక్షన్. మనిషి ఆపరేషన్ బల్ల మీద ఉంటాడు. సర్జన్ ముక్క పంపించి ఫోను పక్కన నిలబడతాడు. దాన్ని సున్నా కింద ఇరవై డిగ్రీల దగ్గర గడ్డకట్టించి, కోసి, రంగు వేసి, ఇరవై నిమిషాల్లో చెప్పాలి. సర్జన్‌కు అవునో కాదో కావాలి. పాథాలజిస్టుకు ‘బహుశా’ అనాలని ఉంటుంది.

రఘు: బాగుంది. డబ్బు గొడవ కూడా ఉంటుంది కదా? బ్రిటన్‌లో ‘యాష్ క్యాష్’ అని ఒక మాట ఉండేది. దహనానికి డాక్టరు కాగితం మీద సంతకం పెడితే ఇచ్చే రుసుము. బూడిద డబ్బు. కుర్ర డాక్టర్లు సంతకాల కోసం మార్చురీకి వరస కట్టేవారు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2024 సెప్టెంబరులో మరణాల తనిఖీ పద్ధతి మారింది, ఆ కాగితమూ పోయింది.

వసంత: ఆ కాగితంలో ఒంట్లో పేస్‌మేకర్, అంటే గుండె లయను నడిపే పరికరం, ఉందా అని అడిగేవారు. తీయకుండా దహనం చేస్తే పేలుతుంది.

రఘు: ఇది నాకు వదిలెయ్, ఒక ఎపిసోడ్ రాస్తాను. పేస్‌మేకర్, కుర్ర డాక్టరు, అటక మీద వరసగా జాడీలు. జాడీల్లోని అవయవాలు ఎవరివో ఎవరికీ తెలియదు, పండగకి పచ్చళ్లు పంచినట్టు...

వసంత: ఆ జోకు వద్దు.

రఘు: ఎందుకు?

వసంత: వద్దు. లివర్‌పూల్‌లో ఆల్డర్ హే పిల్లల ఆస్పత్రి సంగతి నీకు తెలుసు. పోస్ట్‌మార్టం తర్వాత పిల్లల అవయవాలు తల్లిదండ్రులకు చెప్పకుండా ఉంచేసుకున్నారు. 1999లో బయటపడింది. 2001 జనవరిలో విచారణ నివేదిక వచ్చింది. బిడ్డను పాతిపెట్టి వచ్చిన ఏళ్ల తర్వాత ఆస్పత్రి నుంచి కబురు. ఇంకో అవయవం దొరికిందని. కొందరు రెండోసారి అంత్యక్రియలు చేశారు. కొందరు అంతకన్నా ఎక్కువసార్లు.

రఘు: ...సరే.

వసంత: ఆ తర్వాత, అనుమతి లేకుండా అవయవాలు ఉంచుకోకూడదనే మానవ కణజాల చట్టం 2004లో వచ్చింది, 2006 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. నీ ధారావాహిక సంవత్సరాలు చెప్పు.

రఘు: 2003 నుంచి 2006.

వసంత: అదే. పార్లమెంటు ఆ చట్టం గురించి మాట్లాడుతున్న రోజుల్లో, అదే దేశంలో రేడియో పాథాలజీ మీద నవ్విస్తోంది. నాకు అది తప్పనిపించలేదు, నిజం చెప్తున్నాను. కాకపోతే అప్పట్లో ఎక్కడ ఎవరు పాథాలజీ అన్నా మా మొహాలు మాడిపోయేవి. మేం లోపల కుర్చీ జోకులు వేసుకునేవాళ్లం. బయటికి వచ్చాక ఏం పని చేస్తావంటే ల్యాబు అని ఊరుకునేదాన్ని.

రఘు: జాడీలు తీసేస్తాను. జోకు డాక్టరు మీద వేస్తాను.

వసంత: డాక్టరు మీద ఎంతైనా వెయ్.

రఘు: ఇందాకటి నీ మాటే. ఎదురుచూసే మనిషి బతికే ఉన్నాడు. తల్లిదండ్రులు కూడా ఎదురుచూసేవాళ్లే.

వసంత: తమ్ముడు లెక్క రాయలేదేమిటి?

రఘు: వాడి మొహం చూడు. రాయడు.

వసంత: వాణ్ని వదిలెయ్. నేనొకటి తెచ్చాను. నీకు చప్పుడు కావాలన్నావు కదా, ఫోనులో రికార్డు చేశాను. లోపల ఏమీ లేని మైనం దిమ్మ, కొత్తవాళ్లకు నేర్పడానికి వాడేది. కళ్లు మూసుకో.

[చప్పుడు: చిన్న టక్కు, సన్నగా జారుడు, మళ్లీ టక్కు.]

రఘు: కుట్టుమిషను.

వసంత: కాదు.

రఘు: కుట్టుమిషనే, కాలితో తొక్కేది. ఇంకోసారి పెట్టు.

[చప్పుడు.]

రఘు: ఆ రెండోది ఏమిటి, టక్కు తర్వాత ఉస్సుమంది?

వసంత: అది నేను. ఊపిరి వదిలాను.

రఘు: ఎందుకు? ఖాళీ మైనమేగా?

వసంత: అలవాటు.

రఘు: తమ్ముడూ, ఇది శుభ్రంగా ఎక్కిందా? ఎక్కలేదంటున్నాడు. ఫోను మైకుకు దగ్గరగా పెట్టి ఇంకోసారి... బయట వాళ్లొచ్చి తలుపు కొడుతున్నారు. ఒక్క నిమిషం ఆగమను. వసంతా, పెట్టు.

[చప్పుడు.]

రఘు: కుట్టుమిషనే.