పుండు మానింది సరే, చెయ్యి పనికొస్తోందా?

(స్టూడియో చర్చ రాతప్రతి. పాల్గొన్నవారు: యాంకర్, చర్మవ్యాధుల వైద్యురాలు, ఫిజియోథెరపిస్ట్, ప్రజారోగ్య పరిశోధకుడు)

యాంకర్: నమస్కారం. బురులి అల్సర్ వచ్చి తగ్గినవాళ్లలో ఎంత వైకల్యం మిగిలిందో ఎలా కొలవాలి? ఇదీ ఈరోజు చర్చ. డాక్టర్ గారూ, ముందు జబ్బు గురించి కాస్త చెప్పండి.

వైద్యురాలు: మైకోబ్యాక్టీరియం అల్సరన్స్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుందండీ. క్షయ, కుష్టు తెచ్చే వాటికి దగ్గర చుట్టం. ఇది మైకోలాక్టోన్ అనే విషాన్ని వదులుతుంది. ఆ విషం చర్మాన్నీ, దాని కింది కొవ్వునూ చంపేస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియనివ్వదు. మొదట చిన్న గడ్డలా ఉంటుంది, నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. పుండు పెద్దదయ్యాకే ఆస్పత్రికి వస్తారు. ఎక్కువగా పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో కనిపిస్తుంది, ఆస్ట్రేలియాలోనూ ఉంది. ఆఫ్రికా రోగుల్లో దాదాపు సగం మంది 15 ఏళ్లలోపు పిల్లలు.

యాంకర్: మందులున్నాయి కదా?

వైద్యురాలు: ఉన్నాయి. రిఫాంపిసిన్, క్లారిథ్రోమైసిన్ కలిపి 8 వారాలు వాడతాం. అవసరమైతే ఆపరేషన్ చేసి చర్మం అతికిస్తాం.

ఫిజియోథెరపిస్ట్: పుండు మూసుకోగానే రికార్డులో ‘నయమైంది’ అని రాసేస్తారు. నా పేచీ అక్కడే. మానేటప్పుడు మచ్చ బిగుస్తుంది, చర్మం లోపలికి లాక్కుంటుంది. పుండు మోచేయి మడతలో ఉంటే ఆ చెయ్యి ఇక చాపలేరు. మోకాలి వెనక ఉంటే కాలు వంగినట్టే ఉండిపోతుంది. ఆ మనిషి సంగతి ‘నయమైంది’ అన్న మాటలో ఎక్కడుంది?

యాంకర్: వ్యాధి తీవ్రతకు కేటగిరీలు ఉన్నాయి కదండీ?

పరిశోధకుడు: ఉన్నాయి. 5 సెంటీమీటర్లలోపు పుండు మొదటి కేటగిరీ, 5 నుంచి 15 రెండోది, అంతకు మించితే మూడోది. కన్ను లాంటి కీలకమైన చోట వచ్చినా, ఎముక దాకా పోయినా మూడోదే. చికిత్సకు ఇది పనికొస్తుంది. కానీ అది పుండు కొలత, మనిషి కొలత కాదు. తొడ మీద 10 సెంటీమీటర్ల పుండు మానాక మామూలుగా నడిచే వాళ్లుంటారు. మణికట్టు మీద చిన్న పుండుతో చెయ్యి పనికిరాకుండా పోయినవాళ్లూ ఉంటారు.

వైద్యురాలు: దానికి గోనియోమీటర్ ఉందిగా! కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో చూస్తే చాలు. రద్దీగా ఉండే క్లినిక్‌లో అంతకు మించి ఎవరికి తీరిక?

ఫిజియోథెరపిస్ట్: డిగ్రీలు నేనూ కొలుస్తాను డాక్టర్ గారూ, అవి కావాలి. కాకపోతే మోచేయి 30 డిగ్రీలు తక్కువ చాచినా ఒకరికి అన్ని పనులూ సాగిపోతాయి. తల మీద నీళ్లబిందె పెట్టుకుని పట్టుకోవాల్సిన అమ్మాయికి సాగదు. కోణం ఒకటే, నష్టం వేరు.

పరిశోధకుడు: ఘనా, బెనిన్‌లలో ఈ ఆలోచనతోనే ఒక స్కోరు తయారుచేశారు. అక్కడివాళ్లు రోజూ చేసే 19 పనులు తీసుకున్నారు. ఒక్కో పని గురించీ అడుగుతారు: సులువుగా చేయగలరా, కష్టపడి చేస్తారా, అసలు చేయలేరా? కష్టం పెరిగేకొద్దీ స్కోరు పెరుగుతుంది. రోగి ఆ పని ఎప్పుడూ చేసేది కాకపోతే ఆ ప్రశ్నను లెక్కలోంచి తీసేస్తారు. అది నాకు చాలా నచ్చిన సంగతి. లేకపోతే రోట్లో దంచే అలవాటే లేని మగవాడికీ, నాలుగేళ్ల పిల్లాడికీ లేని వైకల్యం అంటగట్టినట్టవుతుంది.

వైద్యురాలు: పిల్లల విషయంలో నాకు ఇంకా అనుమానమేనండీ. ఆరేళ్ల పిల్ల బరువు ఎత్తలేకపోతే అది వయసు వల్లా, మచ్చ వల్లా?

పరిశోధకుడు: న్యాయమైన ప్రశ్న. అదే వయసు పిల్లలతో పోల్చి చూడాలి. లేకపోతే స్కోరు తప్పుదారి పట్టిస్తుంది.

యాంకర్: మరి బళ్లో పక్కన ఎవరూ కూర్చోకపోతే? పెళ్లి సంబంధం తప్పిపోతే? అది ఈ 19 పనుల్లో ఉందా?

పరిశోధకుడు: లేదు. అది ఈ స్కోరుకు అందదు. కుష్టు వ్యాధి విషయంలో ఆ లోటు పూడ్చడానికి పార్టిసిపేషన్ స్కేల్ వచ్చింది. 18 ప్రశ్నలు, 0 నుంచి 90 దాకా మార్కులు, ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువన్నమాట. ‘మీలాంటి వాళ్లతో పోలిస్తే మీకు పనికి వెళ్లే అవకాశం అంతే ఉందా, ఊళ్లో వేడుకలకు వెళ్తున్నారా’ అని అడుగుతారు. వేళ్లన్నీ బాగున్నా ఇక్కడ మార్కులు భయంకరంగా రావచ్చు. అందుకే రెండూ విడివిడిగా చూడాలి, కలిపి ఒకే అంకె చేస్తే ఏదీ తెలియదు.

యాంకర్: ఫిజియో గారూ, ఈ కొలత ఎప్పుడు తీసుకోవాలి? చికిత్స అయిపోయాకా?

ఫిజియోథెరపిస్ట్: అప్పటికి చేయి దాటిపోతుందండీ. బిగుసుకుపోయిన కీలును మళ్లీ కదిలించడం నెలల పని, ఒక్కోసారి ఆపరేషన్ తప్పదు. జబ్బు నిర్ధారణ అయిన రోజే మొదటి స్కోరు రాయాలి. ఆ రోజే కీలును సరైన స్థితిలో ఉంచే స్ప్లింట్ ఇవ్వాలి, కట్టు మార్చిన ప్రతిసారీ కదలికలు చేయించాలి. మందుల కోర్సు మధ్యలో ఒకసారి, పుండు మానాక ఒకసారి, తర్వాత మళ్లీ కొన్ని నెలలకు అవే ప్రశ్నలు అడగాలి. స్కోరు పెరుగుతోందంటే పుండు ఎంత బాగా మానుతున్నా ఏదో చెడుతోందని అర్థం. ఆ వారమే వ్యాయామాలు మార్చాలి.

వైద్యురాలు: ఆ మాట ఒప్పుకుంటాను. మా కేసు షీటులో పుండు సైజు పక్కన దీనికీ ఒక గడి ఉండాల్సిందే.