ఒకే సరుకు మీద రెండు అప్పులు పుట్టకుండా

అందరికీ నమస్కారం.

గుంటూరులో కూర్చుని బ్లాక్‌చెయిన్ గురించి మాట్లాడాలంటే కోల్డ్ స్టోరేజీ బాండు దగ్గర మొదలుపెట్టడమే న్యాయం. ధర లేనప్పుడు రైతు మిరపకాయలు స్టోరేజీలో పెడతాడు. ఎన్ని టిక్కీలు (బస్తాలు), ఏ రకం అని రాసి వాళ్లు బాండిస్తారు. ఆ కాగితం పెట్టి రైతు బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. బ్యాంకు మేనేజరు గారికి ఒకటే బెంగ: ఇదే సరుకు మీద ఇంకో బాండు పుట్టి ఇంకో బ్యాంకుకు వెళ్లలేదు కదా? స్టోరేజీ పుస్తకం వేరు, బ్యాంకు పుస్తకం వేరు, వ్యాపారి చిట్టా వేరు. మూడూ కలిపి చూసే చోటు లేదు. ఒకరి కంప్యూటర్లో పెడదామంటే మిగతావాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడంలో తప్పూ లేదు.

బ్లాక్‌చెయిన్ అంటే ఒకే లెక్కల పుస్తకం నకలు సభ్యులందరి దగ్గరా ఉండటం. ఈ చిక్కు కోసమే అనుమతి ఉన్నవాళ్లకు మాత్రమే తలుపు తీసే రకం బ్లాక్‌చెయిన్ ఉంది. ఇందులో బిట్‌కాయిన్ లాంటి నాణెం లేదు, దాన్ని పుట్టించే మైనింగ్ లేదు. ప్రతి సభ్యుడికీ గుర్తింపు కార్డు లాంటి డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది, ఎవరేం రాశారో సంతకంతో సహా నిలుస్తుంది. లైనక్స్ ఫౌండేషన్ 2015 డిసెంబరులో మొదలుపెట్టిన హైపర్‌లెడ్జర్ ప్రాజెక్టులోని ఫ్యాబ్రిక్ అనే సాఫ్ట్‌వేరు నేను వాడేది. ఇది మీకు మరీ కొత్తది కాదు. కస్టమర్లకు ఎస్ఎంఎస్ పంపడానికి డీఎల్‌టీ (పంచుకున్న లెడ్జరు) రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు కదా, 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనలతో వచ్చిన ఆ ఏర్పాటూ ఈ జాతిదే. 2021 మార్చి 8న అందులో టెంప్లేట్ల (ముందే నమోదు చేసిన మెసేజ్ నమూనాల) తనిఖీ మొదలవగానే దేశమంతా ఓటీపీలు చిక్కుకుపోయాయి. మర్నాడే ట్రాయ్ తనిఖీని వారం పాటు ఆపించింది. చాలా సంస్థలు చేయాల్సిన నమోదు పూర్తిచేయలేదు. యంత్రం సిద్ధంగా ఉండి మనుషులు సిద్ధంగా లేకపోతే జరిగేది అదే.

మన బాండుకు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. బాండు మీద తాకట్టు పడాలంటే స్టోరేజీ, బ్యాంకు ఇద్దరూ సంతకం చేయాలని ముందే నియమం రాస్తాం. రెండు బ్యాంకులు ఒకే నిమిషంలో ఒకే బాండు మీద తాకట్టు రాయబోయాయనుకోండి. రెండూ చూసినప్పుడు బాండు ఖాళీగానే ఉంది. కానీ ఆర్డరర్ అనే కంప్యూటరు, వచ్చిన ఎంట్రీలకు వరస వేసేది, రెండింటినీ వరసలో పెడుతుంది. ముందున్నది ఎక్కుతుంది, బాండు వెర్షన్ మారుతుంది. రెండోది పాత వెర్షన్ చూసి రాసింది కాబట్టి ప్రతి సభ్యుడి పీరు (పుస్తకం నకలు ఉంచుకునే కంప్యూటరు) దగ్గరా చెల్లదని తేలిపోతుంది. తాకట్టు ఉందన్న సంగతి అందరికీ కనపడాలి, అప్పెంతో మాత్రం పక్క బ్యాంకుకు తెలియకూడదు. ఆ మొత్తాన్ని సంబంధించిన వాళ్లకే కనపడే ప్రైవేట్ డేటాగా పెట్టి, అందరికీ దాని హ్యాష్ (లెక్కగట్టి తీసిన వేలిముద్ర లాంటి కోడ్) మాత్రమే పంపుతాం. వట్టి అంకెను హ్యాష్ చేస్తే లక్ష, రెండు లక్షలు, మూడు లక్షలు అంటూ ఒక్కొక్కటే హ్యాష్ చేసి పోల్చి కనుక్కోవచ్చు. అందుకే దానికి యాదృచ్ఛిక సంఖ్య ఒకటి కలపాలి. దీన్ని మర్చిపోయిన డిజైన్లు చాలా చూశాను.

ఇక క్లౌడ్. ఫ్యాబ్రిక్ నెట్‌వర్క్ నిలబెట్టడం ఇప్పుడు ఒక్కరోజు పని. అందువల్లే జరిగే పొరపాటు ఒకటుంది: పని చేసిపెట్టే కంపెనీ అందరి పీర్లనూ తన ఒక్క క్లౌడ్ ఖాతాలోనే పెట్టేస్తుంది. ఐదు సంస్థల పేర్లుంటాయి, అడ్మిన్ పాస్‌వర్డు ఒకరిదే. అది డేటాబేసే, ఖర్చు మాత్రం ఎక్కువ. ఎవరి పీరు వాళ్ల ఖాతాలో, ఎవరి తాళం వాళ్ల చేతిలో ఉండాలి. దీని మీద నేను రాజీ పడను.

ఆర్డరర్లు ఐదు పెడితే రెండు పడిపోయినా నడుస్తుంది, మూడోది పోతే ఆగుతుంది. ముంబైలో మూడు, హైదరాబాదులో రెండు పెట్టామని నిశ్చింతగా ఉంటారు. ముంబై పోతే అంతా పోయినట్టే. రెండు, రెండు, ఇంకోచోట ఒకటి పెట్టండి. ఆ ఒక్కటీ బ్యాంకు సొంత డేటా సెంటర్లో ఉంటే మరీ మంచిది.

నేను నిలబెట్టిన ఒక నెట్‌వర్క్ సరిగ్గా ఏడాది నిండిన ఉదయం ఆగిపోయింది. సర్వర్లన్నీ పచ్చగానే ఉన్నాయి, లావాదేవీ ఒక్కటీ కదల్లేదు. సర్టిఫికెట్లు జారీచేసే భాగమైన ఫ్యాబ్రిక్ సీఏ మామూలుగా ఇచ్చే సర్టిఫికెట్ల గడువు 8760 గంటలు, అంటే ఏడాది. రెన్యువల్ ఎవరి బాధ్యతో ఒప్పందంలో లేదు. ఒక్కొక్క సంస్థకూ ఫోన్ చేసి, తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కుంటూ రెండు రోజులు గడిపాం. ఆనాటి నుంచి గడువు తేదీలు ఒప్పంద పత్రంలోనే రాయిస్తున్నాను.

క్లౌడ్ కంపెనీ ఇచ్చే రెడీమేడ్ సేవ తీసుకుందామా అంటారు. తీసుకోవచ్చు, బయటికొచ్చే దారి చూసుకుని. మైక్రోసాఫ్ట్ అలాంటి సేవ అయిన అజూర్ బ్లాక్‌చెయిన్ సర్వీస్‌ను 2021 సెప్టెంబరులో మూసేసింది, వాడుతున్నవాళ్లంతా వేరేచోటికి సర్దుకోవాల్సొచ్చింది. ఓడల రవాణా కంపెనీ మేర్స్క్, ఐబీఎం కలిసి 2018లో తెచ్చిన ట్రేడ్‌లెన్స్ కథ ఇంకా పెద్దది. ఓడల సరుకు కాగితాల కోసం కట్టిన ఆ వేదికను ఆపేస్తామని 2022 నవంబరులో ప్రకటించారు. పరిశ్రమ అంతా ఒక్కతాటి మీదికి రాలేదన్నదే వాళ్లు చెప్పిన కారణం. పోటీదారు చేతిలో ఉన్న వేదికలో చేరడానికి ఎవరికైనా మనసెలా ఒప్పుతుంది? మన దగ్గరా ఒక పెద్ద స్టోరేజీ దీన్ని నడిపితే చిన్నవాళ్లు రారు.

ఇంకొక మాట. గుమస్తా ఎనభై టిక్కీలు దించుకుని వందని కొడితే, లెడ్జరు ఆ వందనే భద్రంగా దాచుకుంటుంది. కాటా దగ్గర, ఛాంబరు తలుపు దగ్గర లెక్కపెట్టే మనిషి పని ఏ సాఫ్ట్‌వేరూ చేయదు. రైతు కళ్లముందే ఎంట్రీ పడి, అతని ఫోనుకు మెసేజ్ వెళ్లాలి.

వచ్చే జనవరిలో కొత్త కాయ యార్డుకు రాకముందే ఒక స్టోరేజీ, రెండు బ్యాంకులు ముందుకొస్తే చాలు. ఎవరు చేరొచ్చు, ఎవరు వెళ్లిపోతే వాళ్ల రికార్డులేమవుతాయి, తగువొస్తే ఎవరి మాట చెల్లుతుంది అన్నవి ముందు తెలుగులో రాసుకుని సంతకాలు చేద్దాం. క్లౌడ్ ఖాతాలు ఆ తర్వాతే తెరుద్దాం.