తుఫాను గేదె

(డిగ్రీ కాలేజీ అర్థశాస్త్ర విభాగం సదస్సులో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులు ప్రిన్సిపల్ గారికి, కరస్పాండెంట్ గారికి, నాకు ముందు మాట్లాడిన మిత్రులిద్దరికీ, విభాగం అధ్యాపకులకు, ఇందాక మైకు సరిచేసిన తమ్ముడికి, భోజనాల వేళ దాటుతున్నా లేచి వెళ్లని పిల్లలకు నమస్కారం. ఇంకెవరినైనా మరిచిపోతే పెద్దమనసు చేసుకోండి. పరిచయంలో నన్ను అంతర్జాతీయ ఆర్థిక నిపుణుడు అన్నారు. ముప్పై ఒక్క ఏళ్లు క్లాసుల్లో పాఠం చెప్పి రిటైరయ్యాను. అంతర్జాతీయం అంటారా, ఒకసారి నేపాల్ వెళ్లాను, అదీ పశుపతినాథుడి దర్శనానికి.

బ్యానర్ మీద ‘వాతావరణ మార్పు, అభివృద్ధి, అంతర్జాతీయ సహకారం’ అని రాశారు. ఆ చివరి రెండు మాటలు చూడగానే మా ఇంటి గేదె గుర్తొచ్చింది. నవ్వండి, పర్లేదు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు పాఠం.

1992లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ప్రపంచ దేశాలు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. భూమి వేడెక్కడంలో అందరి బాధ్యతా ఉంది, అయితే అందరిదీ ఒకే బాధ్యత కాదు అని అందులో ఒప్పుకున్నాయి. ముందుగా, ఎక్కువగా పొగ వదిలినవాళ్లు ముందు కదలాలి, లేనివాళ్లకు డబ్బు కూడా ఇవ్వాలి. 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో ధనిక దేశాలు ఒక అంకె చెప్పాయి. 2020 నాటికి ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. 2020 వచ్చింది, పోయింది. ఆ అంకె దాటింది 2022లో. అది కూడా ఆ ధనిక దేశాల సంఘం ఓఈసీడీ తనే వేసుకున్న లెక్క ప్రకారం. నా దగ్గర ట్యూషన్ చెప్పించుకున్న పిల్లవాడు ఫీజు రెండేళ్లు ఆలస్యంగా తెచ్చి, ఎంత తెచ్చాడో తనే లెక్కపెట్టుకుని, రసీదు కూడా తనే రాసుకుంటే ఎలా ఉంటుంది?

సరే, ఆలస్యం సంగతి వదిలేద్దాం. ఆ డబ్బులో ప్రభుత్వాల నుంచీ ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థల నుంచీ వచ్చిన దాంట్లో మూడింట రెండు వంతులకు పైగా అప్పే. అప్పు! వెనక వరసలో ఫోన్ చూస్తున్న బాబూ, ఈ ఒక్క ముక్క విను, తర్వాత చూసుకో. వాళ్లు ఇచ్చామంటున్న దాంట్లో ఎక్కువ భాగం మనం తిరిగి కట్టాల్సిందే.

ఇక్కడ గేదె వస్తుంది.

1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన. మీలో చాలామంది తాతలు నాయనమ్మలు చెప్పే ఉంటారు. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. నాకప్పుడు పన్నెండేళ్లు. మాది నాగాయలంక వైపు ఒక చిన్న ఊరు. ఊరికంతా ఒక్క డాబా ఉండేది, దాని మీదికి ఎక్కగలిగినవాళ్లం బతికాం. చావిట్లో రెండు గేదెలు కట్టేసి ఉన్నాయి. నీళ్లు అంత ఎత్తున వస్తుంటే నాన్న మమ్మల్ని ఎక్కించాడే గానీ, వెనక్కి వెళ్లి పలుపులు కోయలేకపోయాడు. చనిపోయేదాకా అదే మాట. “పలుపు కోసుంటే ఈదుకుంటూ పోయేవిరా.” తెల్లారి చూస్తే చేను కోతకొచ్చిన చేనులా లేదు. చప్పిడి నీళ్ల బావి ఉప్పైపోయింది. బియ్యం, దుప్పట్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. ఇచ్చినవాళ్ల ఊరు పేరు కూడా మాకు తెలియదు. దాన్ని సాయం అంటారు.

ఏడాది తిరిగాక ఒక బ్యాంకు వాళ్లు వచ్చారు. బ్యాంకు పేరు చెప్పను, ఇప్పుడు ఎందుకు? పశువులు పోయినవాళ్లకు గేదె ఇస్తామన్నారు. 1,400 రూపాయలు. సంతలో కొన్నది కూడా వాళ్లే. అది మెట్ట గేదె. మా ఉప్పునీళ్లు మూతి పెట్టి చూసి పక్కకి తిరిగేది. అమ్మ బిందెతో కాలవ దాకా వెళ్లి నీళ్లు తెచ్చి, అందులో కాస్త తవుడు కలిపి బతిమాలి తాగించేది. పూటకి రెండు లీటర్లు ఇస్తుందని రాశారు, లీటరు ఇస్తే ఆ రోజు పండగే. చెవికి ఒక బిళ్ళ కొట్టారు, అల్యూమినియం బిళ్ళ, మీద నంబరు. గేదె చస్తే ఇన్సూరెన్సు వస్తుంది, అయితే ఆ బిళ్ళ ఉన్న చెవి కోసి తెచ్చి చూపించాలన్నారు.

రెండో ఏడు జబ్బు చేసి చచ్చిపోయింది. నాన్న కత్తి తీసుకుని వెళ్లాడు. అమ్మ ఆ గేదె తల దగ్గర కూర్చుని ఉంది. “దాని నోటి దగ్గర బిందె పెట్టిన దాన్ని నేను. చెవి కోస్తే నేను ఇంట్లో ఉండను” అంది. నాన్న కత్తి పక్కన పెట్టి గొయ్యి తవ్వాడు. బిళ్ళతో సహా పూడ్చేశాం. ఇన్సూరెన్సు రాలేదు, అప్పు మాత్రం అలాగే ఉంది. 1986 దాకా కట్టాడు. వడ్డీతో కలిపి 2,310 రూపాయలు. లేని గేదెకి ఆరేళ్లు.

ప్రిన్సిపల్ గారు వాచీ చూస్తున్నారు. పాఠంలోకి వస్తున్నానండీ, ఇదంతా పాఠమే.

2019 మార్చిలో ఇడాయ్ అనే తుఫాను మొజాంబిక్ దేశంలో బెయిరా రేవు పట్టణాన్ని ముంచేసింది. అక్కడ ఆరు వందల మందికి పైగా పోయారు. భూమిని వేడెక్కించిన పొగలో ఆ దేశం వాటా ఎంతని వెతకాలంటే భూతద్దం కావాలి. అప్పటికే పీకల దాకా అప్పుల్లో ఉన్న దేశం. నెల తిరిగేసరికి అంతర్జాతీయ ద్రవ్య నిధి దాదాపు 11.8 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఎలా ఇచ్చింది? అప్పుగా. వడ్డీ లేదు, మొదట్లో కొన్నేళ్లు వాయిదా కట్టక్కర్లేదు, నిజమే. మా బ్యాంకు కంటే నయమే. కానీ అసలు ఎవరు కట్టాలి? ఇల్లు కొట్టుకుపోయినవాడు.

పాకిస్తాన్‌లో 2022లో వరదలు వచ్చాయి. 2023 జనవరిలో జెనీవాలో సభ పెట్టి 900 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామని చప్పట్ల మధ్య ప్రకటించారు. తర్వాత ఆ దేశ ఆర్థిక మంత్రే చెప్పాడు, అందులో తొంభై శాతం దాకా ప్రాజెక్టు అప్పులేనని. పక్క దేశం మీద మనకు ఎన్ని ఉన్నా, నీళ్లలో నిలబడ్డ రైతు రైతే కదా.

మన సంగతి? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. మరుసటి ఏడాది ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అదీ అప్పే.

వాతావరణ మార్పుతో దెబ్బతిన్న పేద దేశాలను ఆదుకోవడానికి కష్టనష్టాల నిధి అని ఒకటి పెట్టాలని 2022లో ఈజిప్టు వాతావరణ సదస్సులో ఒప్పుకున్నారు, మరుసటి ఏడాది దుబాయ్‌లో మొదలుపెట్టారు. మొదట చెప్పిన వాగ్దానాలన్నీ కూడితే 70 కోట్ల డాలర్ల చుట్టుపక్కల. పాకిస్తాన్ ఒక్క దానికే బాగుచేసుకోవడానికి 1,600 కోట్ల డాలర్లకు పైగా కావాలని తేలింది. పైగా ఇలాంటి నిధి మాట ఎత్తినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. ఈ తుఫాను వాతావరణ మార్పు వల్లే వచ్చిందని రుజువేమిటి? వింటుంటే నాకు ఆ బ్యాంకాయన గొంతే వినిపిస్తుంది. చెవి కోసి తీసుకురా, బిళ్ళ నంబరు చూడాలి.

మరి సహకారం ఎక్కడా కుదరదా అంటే, కుదిరింది. ఫ్రిజ్జుల్లో, స్ప్రేల్లో వాడే వాయువులు ఓజోన్ పొరకి చిల్లు పెడుతున్నాయని 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం చేసుకున్నారు. మనం వెంటనే సంతకం పెట్టలేదు. మారడానికయ్యే ఖర్చు ఎవరిస్తారని అడిగాం. 1990లో లండన్‌లో నిధి పెట్టడానికి ఒప్పుకున్నారు, 1992లో మనం చేరాం. ఆ నిధి ఇచ్చింది చాలావరకు గ్రాంటు, అంటే తిరిగి కట్టక్కర్లేని డబ్బు. మన కంపెనీలు పాత గ్యాసు వదిలేశాయి, ఓజోన్ పొర మెల్లగా కోలుకుంటోంది. ఇది సెమిస్టర్ పరీక్షలో వస్తే రాయండి, మార్కులు పడతాయి.

ఇంకొకటి. గ్రెనడా అనే చిన్న ద్వీప దేశం తన బాండ్లలో, అంటే అప్పు పత్రాల్లో, ముందే ఒక షరతు రాయించుకుంది, పెద్ద తుఫాను వస్తే వాయిదాలు వెనక్కి జరపాలని. 2024లో బెరిల్ తుఫాను వచ్చింది, ఆ షరతు వాడుకుంది. మా నాన్న కాగితంలో ఆ ఒక్క వాక్యం ఉంటే! ఉన్నది వేలిముద్ర ఒక్కటే.

2024 నవంబర్‌లో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో జరిగిన వాతావరణ సదస్సులో, ఆ పాత 10,000 కోట్ల బదులు కొత్త అంకె ఖరారు చేశారు. 2035 నాటికి ఏడాదికి 30,000 కోట్ల డాలర్లు. పేద దేశాలు అడిగింది 1,30,000 కోట్ల డాలర్లు. మన ప్రతినిధి మాట్లాడతానంటుండగానే సభాధ్యక్షుడు అయిపోయిందని సుత్తి కొట్టేశారు. ఆమె తర్వాత లేచి ఇది కనికట్టు అన్నారు. నేను టీవీ ముందు ఒక్కడినే చప్పట్లు కొట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి క్రికెట్టా అని అడిగింది.

ఉక్కు మీద యూరప్ వేస్తున్న కార్బన్ పన్ను గురించి కూడా రాసుకొచ్చాను, విశాఖ ఉక్కు ఉంది కాబట్టి మీకు అవసరం. ఈ నాలుగు పేజీలు అవే. గేదె మేసేసింది, ఏం చేస్తాం. ఎవరికైనా కావాలంటే బయట జిరాక్స్ తీసుకోండి.

ఒక్క నిమిషం, ప్రిన్సిపల్ గారూ. ఈ కవరులో ఉన్నది మా నాన్న కట్టిన ఆఖరి వాయిదా రసీదు. ముందు వరస నుంచి చేతులు మారుస్తూ వెనక్కి పంపండి. మడత దగ్గర చిరిగింది, జాగ్రత్త. పైన అచ్చు అక్షరాల్లో ఉన్న వరస చదవండి, ‘తుఫాను సహాయం’ అని ఉంటుంది. కింద అసలు, వడ్డీ, అపరాధ వడ్డీ. చూసి మళ్లీ నాకే ఇవ్వాలి, ఇంకో కాపీ లేదు.